పొగ తెలియని రోజు

నేను కప్పులు కడిగే మనిషిని. ఈ మాట ముందే చెప్పేస్తే నయం, లేకపోతే కాఫీ సంగతి ఈవిడకేం తెలుసని మధ్యలో ఎవరో ఒకరు అడుగుతారు. అనంతగిరి దగ్గర మా కాఫీ కంపెనీలో రుచి చూసే గది ఒకటుంది, లాబ్ అంటారు దాన్ని. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో గింజలు వేయిస్తున్నాను, పొడి కొడుతున్నాను, నీళ్లు మరిగిస్తున్నాను, చివరికి ఎంగిలి కప్పులు కడుగుతున్నాను. నా పేరు తెరిసమ్మ. నోరు పెద్దదని మా చర్చి ఫాదర్ గారు కూడా అంటారు. అననివ్వండి. ఈ కథ నాది కాదు, నూకరత్నానిది.

అక్కడ రుచి చూడటమంటే ఇంట్లో కాఫీ తాగినట్టు కాదు. ఒక్కో రైతు సరుకును లాటు అంటారు, లాటుకు అయిదు కప్పులు పెడతాను. ముందు పొడి వాసన చూస్తారు. వేడినీళ్లు పోశాక నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన తెట్టును చెంచాతో పగలగొట్టి మళ్లీ వాసన చూస్తారు. తర్వాత చెంచాడు జుర్రుకుని ఉమ్మేసి మార్కులు వేస్తారు. ఆ మార్కులను బట్టే రైతుకు ధర. కప్పు మీద రైతు పేరు ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది. ఫలానావాళ్ల సరుకని తెలిస్తే నాలుక మారిపోతుందట. ఈ ఒక్క విషయంలో మా మేనేజరు రవిబాబు గారు రాయిలాంటి మనిషి. ఒకసారి నేను ఒక కప్పు చూపించి, ఇది మా చర్చి వెనక వాళ్లదనుకుంటా అని నోరు జారితే, ఆ పూట వేసిన మార్కులన్నీ కొట్టేయించి మొదటినుంచీ మళ్లీ చేయించారు.

నూకరత్నం, కామేష్ ఆరేళ్ల కిందట ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. కామేష్ విశాఖపట్నం పిల్లవాడు. నూకరత్నం కొండ మీద పనసపుట్టు అనే ఊరి అమ్మాయి, అరకులో డిగ్రీ చదివింది. ఇద్దరినీ కంపెనీయే బెంగళూరు పంపి ఒకే శిక్షణ ఇప్పించింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అటూ ఇటూ నిలబడి ఒకే కప్పుల్లో చెంచాలు ముంచుతారు. జీతం దగ్గరకు వచ్చేసరికి కామేష్‌కు ఇరవై ఎనిమిది వేలు, ఆమెకు ఇరవై రెండు. ఎందుకని అడిగితే రెండు కారణాలు చెప్పేవారు. ఒకటి, పిల్ల పుట్టినప్పుడు అయిదు నెలలు పనిలో లేదు. రెండోది, పొగ.

ఆ పొగ సంగతి చెప్పాలి. కొండ మీద ఇళ్లలో పొయ్యి ఇంటి మధ్యలో ఉంటుంది. దాని పైన అటక. విత్తనాలు, మొక్కజొన్న పొత్తులు, మిరియాలు అన్నీ ఆ అటక మీదే దాస్తారు, పొగకు పురుగు పట్టదని. కాఫీ ఆరబోసిన రోజుల్లో వాన పట్టుకుంటే గింజలు కూడా అక్కడికే ఎక్కుతాయి. బయట కొనేవాడికి ఆ వాసన పనికిరాదు. నూకరత్నం చేరిన మొదటి ఏడాది అలాంటి సరుకు ఒకటి వచ్చింది. ఆమె బోలెడన్ని మార్కులు వేసి పంపేసింది. కొన్నవాళ్లు తిప్పి పంపారు.

"మా అమ్మ ఇంటి వాసన పిన్నీ అది. తప్పని ఎలా అనుకుంటాను?" అంది నాతో, తల వంచుకుని.

ఆ పొయ్యి పక్కనే పుట్టి, ఆ పొగలోనే పెరిగిన పిల్లకు పొగ వేరే వాసనగా ఎలా తెలుస్తుంది? తర్వాతి ఏడాది కామేష్ పులిసిపోయిన సరుకును బాగుందని పంపాడు. దాన్ని అనుభవం అన్నారు. ఈమెది మాత్రం కాగితం మీదకు ఎక్కింది, అయిదేళ్లైనా దిగలేదు.

కానీ నూకరత్నం ఊరుకునే రకం కాదు. ముక్కును మొదటినుంచీ దిద్దుకుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా, సరుకు వచ్చే నాలుగు నెలలూ కొండ దిగి వచ్చి కంపెనీ దగ్గర ఒక గది అద్దెకు తీసుకునేది. కట్టెల పొగకు నెల రోజులు దూరంగా ఉంటే అది విడిగా తెలియడం మొదలవుతుందని తనే కనిపెట్టింది. నాలుగేళ్ల కూతురు సోనిని అత్త దగ్గర, భర్త భీమన్న దగ్గర వదిలి వచ్చేది. ఆదివారం వెళ్లినా అరుగు మీదే కూర్చుని, పిల్లను అక్కడికే తెప్పించుకుని, సాయంత్రానికి దిగిపోయేది. ఇంత చేస్తే ఏమైందంటే, గత మూడేళ్లలో పొగ పట్టిన సరుకు ఒక్కటి కూడా ఆమెను దాటి వెళ్లలేదు. ఎవరూ రాసుకోలేదు, నేను చూశాను.

ఈ ఏడాది జనవరిలో మా హెడ్ టేస్టర్ మానేసి వెళ్లిపోయాడు. ఆ పోస్టుకు నలభై రెండు వేల జీతం, లాబ్ వెనక రెండు గదుల క్వార్టరు. ఆ మాట తెలిసినప్పటినుంచి నూకరత్నం ఆ క్వార్టరు కిటికీ వైపు చూడటం నేను గమనిస్తూనే ఉన్నాను. అద్దె గది యజమాని పిల్లలుంటే కుదరదన్నాడు. క్వార్టరైతే అత్తతో సహా సోనిని తెచ్చుకోవచ్చు. గ్యాసు పొయ్యి ఉంటుంది. నాలుగు నెలలు పిల్లకు దూరంగా ఉండక్కర్లేదు. జీతం సంగతి అలా ఉంచండి, ఆమెకు కావలసింది అది.

హైదరాబాద్‌లో ఉండే డైరెక్టరు గారు ఇద్దరికీ, అంటే నూకరత్నానికీ కామేష్‌కూ, పరీక్ష పెట్టమన్నారు. మొత్తం పది సెట్లు. ఒక్కో సెట్టులో మూడు కప్పులు, రెండు ఒకటే కాఫీ, మూడోది వేరు. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. జవాబులు ట్యాబ్‌లో కొడితే నేరుగా హైదరాబాద్ వెళ్తాయి. పేర్లుండవు, ఏ అని ఒకరు, బి అని ఒకరు. ఎవరు ఏదో చీటీలు తీయించి, కవరులో పెట్టి అంటించి, నా దగ్గర ఉంచుకోమన్నారు. గురువారం పొద్దున్న తొమ్మిదికి పరీక్ష.

బుధవారం మూడింటికి భీమన్న ఫోను.

"సోని ఒళ్లు కాలిపోతంది. నిన్నట్నుంచి ఏటీ తినట్లేదు. నీకోసవే ఏడుస్తంది."

నూకరత్నం ఫోను పట్టుకుని నా వైపు చూసింది. బయట అకాల వాన.

"ఎల్లు, బేగి ఎల్లు. కానీ పొయ్యి కాడికి ఎల్లకే గుంటా," అన్నాను.

"జొరం పిల్లని వానలో అరుగు మీద పడుకోబెట్టమంటావా పిన్నీ?"

ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు ఎనిమిదింబావుకు వచ్చింది. భీమన్న బండి మీద పిల్లను పెట్టుకుని దిగి, ఆసుపత్రిలో రక్తం తీయించి, మలేరియా కాదని చెప్పించుకుని, తండ్రినీ కూతుర్నీ అక్కడే ఉంచి పరుగున వచ్చింది. గదిలోకి అడుగు పెట్టగానే నాకు తెలిసిపోయింది. తల నుంచి, చీర నుంచి, గోళ్ల నుంచి కూడా కట్టెల పొగ. తెల్లార్లూ పొయ్యి పక్కన పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుందట.

"ఏటే, నీ వాసన నీకు తెలుస్తందా?"

జడ ముందుకు తీసి ముక్కుకు పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

దొడ్డి కుళాయి కింద కూర్చోబెట్టి శనగపిండితో తల రుద్దాను. వేరే చీర కట్టించాను. గోరువెచ్చని ఉప్పునీళ్లతో ముక్కు కడిగించాను. తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ చలికి వేసుకున్న మంటలోంచి సగం కాలిన పుల్ల ఒకటి తెచ్చి, కళ్లు మూయించి, ముక్కు కింద పెట్టాను. ఆ పుల్ల ఇంకా సన్నగా పొగ చిమ్ముతోంది.

"ఏటొస్తంది?"

"తడి మన్ను. నీ చేతి మీద సబ్బు." మళ్లీ పీల్చింది. "ఇంకేటీ లేదు."

పుల్ల కింద పడేసి కాలితో నలిపాను. ఇద్దరం రవిబాబు గారి గదికి వెళ్లాం.

"సార్, పరీక్ష రెండ్రోజులు వాయిదా వెయ్యండి. రాత్రంతా పొగలో ఉన్నాను. ఒక్క రాత్రి పొగే కాబట్టి అప్పటికి ముక్కు సర్దుకుంటుంది," అంది నూకరత్నం.

"అక్కడ డైరెక్టరు గారు కాచుకుని కూర్చున్నారు. సోమవారానికి తొంభై లాట్లకి మార్కులు వెళ్లాలి. ఇంటి గొడవలు లాబ్‌లోకి తెస్తే ఎలా నూకరత్నం?"

నేను ఊరుకోలేకపోయాను. "మరి కిందటి నెల కామేష్ బాబుకి జలుబు సేత్తే రెండ్రోజులు గదికి తాళం ఎట్టారు కదా సార్. అల్లం టీ కూడా మీరే ఎట్టించారు."

"అది జబ్బు తెరిసమ్మా. ఇది ఇల్లు."

ఒళ్లు మండిపోయింది నాకు. ముక్కు పనిచేయకపోవడానికి జలుబైతేనేం, పొగైతేనేం? వాడికి జలుబు వస్తే దేవుడు పంపినట్టు, ఈమె పిల్లకు జ్వరం వస్తే ఈమె కోరి తెచ్చుకున్నట్టు. ఇంకో మాట అనబోతే, "నువ్వెళ్లి నీళ్లు పెట్టు," అన్నారు. వెళ్లి పెట్టాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

తొమ్మిదింటికి తలుపు వేశాం. గదిలో వాళ్లిద్దరూ, నేనూ, ముప్పై కప్పులు. కామేష్ చకచకా జుర్రుకుంటూ, ఉమ్ముతూ, ట్యాబ్ మీద కొడుతూ వెళ్లిపోయాడు. ఇరవై అయిదు నిమిషాల్లో అతని పని అయిపోయింది. నూకరత్నం ఒక్కో సెట్టు మూడుసార్లు చూస్తుంది, వేడిగా ఒకసారి, గోరువెచ్చగా ఒకసారి, చల్లారాక ఒకసారి. బెంగళూరులో అలాగే నేర్పారు. రోజుకు కామేష్ కంటే తక్కువ లాట్లు చూస్తుందని ఆమె మీద మరో ఫిర్యాదు ఉండేది, దానికి కారణం ఇదే.

నాలుగో సెట్టు దగ్గర ఆగిపోయింది. మూడు కప్పులూ వాసన చూసింది. మళ్లీ చూసింది. మిగతా తొమ్మిదీ పూర్తి చేసి తిరిగి దాని దగ్గరికే వచ్చింది. అప్పటికి కాఫీ చల్లబడిపోయింది. ఒక కప్పు జుర్రుకుని చాలాసేపు ఉమ్మలేదు. మింగలేక కక్కలేక అంటారే, అలా నిలబడిపోయింది. నీళ్లు పోసినప్పుడే నాకు తెలిసింది, మధ్య కప్పులో పొగ ఉంది. తలుపు దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడిన నాకే తెలిసింది, ఆమెకు తెలియడం లేదు. కొంచెం దగ్గితే చాలు, నా వైపు చూస్తుంది, కళ్లతో చెప్పేయొచ్చు. దేవుడా, చెప్పెయ్యాలని ఎంత అనిపించిందో. చెప్పలేదు. చెబితే ఆమె నా మొహం చూడదు.

ఏదో ఒకటి కొట్టేస్తే మూడింటిలో ఒకటి తగలొచ్చు. ఆమె అలా కొట్టలేదు. ట్యాబ్ దగ్గరకు తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో రాసి పంపేసింది. తర్వాత కుర్చీలో కూలబడి భీమన్నకు ఫోను చేసింది. జ్వరం కొంచెం తగ్గిందన్నాడు.

పదకొండింటికి డైరెక్టరు గారి ఫోను వచ్చింది. రవిబాబు గారు స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచారు. అందరం చుట్టూ నిలబడ్డాం.

"రవీ, ఏ కి ఎనిమిది, బి కి తొమ్మిది. మార్కులు సరే, నాలుగో సెట్టు దగ్గర బి ఏం రాశాడో చూశావా? ఈరోజు నా ముక్కుకు పొగ తెలియడం లేదు, ఇందులో తేడా పొగైతే నేను చెప్పలేను, ఊహించి రాయను అని రాశాడు. తేడా పొగే. ఇన్నేళ్లలో ఇలా రాసిన మనిషిని నేను చూడలేదు. తన ముక్కు ఎక్కడ పనిచెయ్యదో తెలిసినవాడే హెడ్డుగా ఉండాలి. బి కే ఇచ్చెయ్. నలభై రెండు, క్వార్టరు, ఈ నెలాఖరు నుంచే. ఇంతకీ కామేషేనా?"

కామేష్ తల దించుకున్నాడు. నేను కవరు చింపి ఇచ్చాను. రవిబాబు గారు చీటీ విప్పి చూశారు.

"నూకరత్నం సార్."

లైను పోయిందేమో అనుకున్నాను.

"ఓహో, ఆ అమ్మాయా," అన్నారు చివరికి. "పొగంటే ఏంటి, ఇంట్లో కట్టెల పొయ్యా?"

"అవును సార్. పిల్లకి జ్వరమట, రాత్రి ఇంటికి వెళ్లింది."

"అదే మరి. ఇలాంటి ఇబ్బందులుంటే హెడ్డు పని కష్టం కదా. సరే, తొమ్మిది వచ్చాయి కాబట్టి పోస్టు ఇద్దాం. ముప్పై నాలుగు మీద ఒక ఏడాది చూద్దాం. క్వార్టరు కామేష్‌కివ్వు, ఫ్యామిలీ మనిషి."

రెండు నిమిషాల కిందట ఆ రాసిన మాట గొప్పతనం. అదే మాట ఇప్పుడు ఇబ్బంది అయిపోయింది. రాసిన చెయ్యి మారలేదు, అక్షరం మారలేదు. నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. నూకరత్నం బల్ల అంచు పట్టుకుంది.

"సార్, నేను నూకరత్నాన్ని. ఒక్క మాట అడగొచ్చా?"

"చెప్పమ్మా."

"కప్పు మీద రైతు పేరు ఎందుకు రాయం సార్?"

"అది నీకు తెలియదా? పేరు తెలిస్తే నాలుక మారిపోతుంది."

"ఇప్పుడు మీ నాలుక మారింది సార్. బి కి నలభై రెండన్నారు. నేనే బి."

రవిబాబు గారు ఫోను మీదకు చెయ్యి చాచి, ఏమనుకున్నారో, వెనక్కి తీసుకున్నారు. అప్పుడు కామేష్ మాట్లాడాడు. ఆ పిల్లవాడిలో అంత దమ్ముందని నేను అనుకోలేదు.

"సార్, కామేష్‌ని. నాలుగో సెట్టు నాకూ తెలియలేదు. మధ్యది అని గుడ్డిగా కొట్టాను, తగిలింది. నా ఎనిమిదిలో అదొకటి." క్వార్టరు గురించి మాత్రం ఏమీ అనలేదు. అతని భార్యకూ ఆ కిటికీ నచ్చిందని నాకు తెలుసు.

"సాయంత్రం చెప్తాను," అని డైరెక్టరు గారు పెట్టేశారు.

ఇక సాయంత్రం దాకా కాచుకోవాలి. నూకరత్నం బెంగళూరులో కొనుక్కున్న తన చెంచాను కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"అదేటి, ఎక్కడికి?"

"నలభై రెండు, క్వార్టరు. ఒక్క రూపాయి తగ్గినా, ఒక్క గది తగ్గినా ఎల్లిపోతాను పిన్నీ. మిరియాలు కోసుకుని బతుకుతాను. తొంభై లాట్లూ ఎవరు చూసుకుంటారో చూసుకోమను."

నాకు భయమేసింది. "ఒసే పిచ్చిదానా, ఇరవై రెండు మీద ముప్పై నాలుగంటే తక్కువేటి? ముందు పుచ్చుకో. తరవాత నెమ్మదిగా అడగొచ్చు."

నా వైపు చూసింది. కోపంగా కాదు. "నువ్వు పంతొమ్మిదేళ్లబట్టి సరేనంటూనే ఉన్నావు కదా పిన్నీ. నెమ్మదిగా ఏటిచ్చారు?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నేను వెళ్లి, కడిగిన కప్పులే మళ్లీ కడిగాను. సిగ్గేసింది, నా మీద నాకే. ఇంత నోరున్న దాన్ని, నా కోసం ఒక్కసారి కూడా తెరవలేదు.

అయిదుంబావుకు రవిబాబు గారు కాగితం పట్టుకుని వచ్చారు. బల్ల మీద పెట్టారు. నూకరత్నం నిలబడే చదివింది. మొదటినుంచీ రెండోసారి చదివింది. వేలు పెట్టి అంకె చూసుకుంది. నలభై రెండు వేలు. తర్వాత కింది వరుస మీదకు వేలు జరిపింది. క్వార్టరు. సంతకం పెట్టింది. పెట్టాక ఏడ్చింది, గట్టిగానే. నేను కూడా ఏడ్చాను. రవిబాబు గారు కిటికీ వైపు తిరిగి, "సోమవారానికి లాట్లు," అని ఏదో గొణిగి వెళ్లిపోయారు. ఆమె సంచి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

నెలాఖరుకు సోని వచ్చింది. మనిషి సగమైంది గాని జ్వరం లేదు. అత్త రెండు రోజులు ఆగి వస్తానంది, కోళ్లను ఎవరికో అప్పగించాలట. ఆ సాయంత్రం నేను సామాను సర్దడానికి వెళ్లాను. గ్యాసు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. సోని ఒక గదిలోంచి మరో గదిలోకి తిరిగింది, గోడలు చూసింది, దిండు తీసి మొహానికి ఆనించుకుంది.

"అమ్మా, ఇక్కడ ఇల్లు వాసన రాట్లేదు. మనింటికి ఎల్దామా?"

నూకరత్నం పిల్లను దగ్గరకు లాక్కుని తల మీద ముక్కు పెట్టింది. అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి తల ఎత్తితే కళ్లు నిండి ఉన్నాయి.

"పిన్నీ, పొగ తెలుస్తంది. బాగా తెలుస్తంది."

ముక్కు పూర్తిగా తిరిగొచ్చింది. నాకు సంతోషం వేయాలి. కానీ మర్నాడు తొమ్మిదింటికి ఇరవై రెండు లాట్లున్నాయి. పిల్ల రాత్రి అమ్మ పక్కలోనే పడుకుంటుంది, అమ్మ మెడ చుట్టూ చేతులు వేసుకునే పడుకుంటుంది. తెల్లారేసరికి ఆ జుట్టులోని పొగ ఆమె ముక్కును మళ్లీ మూసేస్తుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"దీనికి తలంటు రేపు పోద్దామా?" అంది, నా మొహం చూడకుండా.

వంటింటి తలుపు వెనక శనగపిండి డబ్బా ఉంది. కాసేపటికి ఆమే లేచి, డబ్బా తీసి, గిన్నెలో పిండి కలిపింది. దొడ్లో పీట వేసి సోనిని కూర్చోబెట్టి, ఇంకొక్కసారి ఆ జుట్టు వాసన చూసింది. తర్వాత నన్ను నీళ్లు పొయ్యమంది. నేను పోశాను.